మింగేసిన వాక్యం

కళ్లజోళ్లాయనకి కోపం వస్తే ఇంట్లోవాళ్లు భరిస్తే సరిపోయేది. గర్వం వస్తే మాత్రం వీధి వీధంతా భరించాలి. "మన చేతి జోడు గడప దాటిందంటే మళ్లీ వెనక్కి రాదండీ" అనేది ఆయన ఊతపదం. దుకాణంలోకి అద్దాల కోసం వచ్చినవాడైనా, ఊడిన మర బిగించుకోవడానికి వచ్చినవాడైనా, వానకి తలదాచుకోవడానికి వచ్చినవాడైనా ఆ మాట విని తీరాల్సిందే. విననట్టు నటిస్తే రెండోసారి చెప్పేవాడు. అందులో అబద్ధం లేదన్న మాట కూడా ఒప్పుకోవాలి. చెయ్యి తిరిగిన మనిషి. వెనక గదిలో సానబట్టే యంత్రం ముందు కూర్చున్నాడంటే పక్కన పిడుగు పడ్డా తల తిప్పడని పేరు.

భార్య పోయాక ఆయనకి ఆ పేరూ, ఆ దుకాణమూ, దాని మీది రెండు గదులే మిగిలాయి. పిల్లలు లేరు. దేవుడితో మాటలు కూడా అప్పట్నుంచే మానేశాడు. పోట్లాడిందేమీ లేదు. ఎదురింటివాడితో చెడినట్టు, కనిపించినా చూడనట్టు పోతుండేవాడు, అంతే.

ఏడాది చివర సెలవులకి మాత్రం ఆయనకి ఒక చోటుండేది. బావమరిది ఇల్లు. భార్య ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లేవాళ్లు, ఆవిడ పోయాక ఆయనొక్కడే వెళ్లేవాడు. ఈసారి కూడా సంచీలో బట్టలు సర్దేసుకున్నాడు. సెలవులకి ఇంకా మూడు రోజులుందనగా, ఆయన యంత్రం ముందు కూర్చుని ఒక పెద్దావిడ జోడు చేస్తుండగా ఫోన్ మోగింది.

ఆ పెద్దావిడ కళ్లు రెండూ ఒక తల్లి పిల్లల్లా ఉండవు. కుడి కంటికి మధ్యలో బాగా ఉబ్బిన లావు అద్దం కావాలి, ఎడమ కంటికి పల్చటిది చాలు. పాత జోడు కిందపడి ముక్కలైపోతే, ఆ ముక్కల్ని రుమాల్లో మూటగట్టి తెచ్చి ఇచ్చింది. అలాంటి జోడు చేసేటప్పుడు ఆయనకో పద్ధతుంది. సానకి పెట్టే ముందే కుడి అద్దం మీద ఎర్ర మైనపు పెన్సిలుతో చుక్క పెడతాడు. ఫ్రేమ్ ఆకారానికి ఒకసారి కోశాక కుడిది ఎడమకి పట్టదు, ఎడమది కుడికి పట్టదు, చెప్పుల జతలాగే. కాబట్టి ఆ చుక్కే సర్వం.

"బావగారూ, ఏమీ అనుకోకండి" అన్నాడు ఫోన్లో బావమరిది. "ఈసారి మా ఆవిడ తరపువాళ్లందరూ దిగుతున్నారు. ఇల్లు చూస్తే అగ్గిపెట్టె. మీకు పడుకోవడానికి కూడా ఇబ్బంది అవుతుందేమోనని..."

"అబ్బెబ్బే, దానికేముంది బావా! నేనే చెబ్దామనుకుంటున్నా, ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు" అన్నాడు కళ్లజోళ్లాయన. అంటూ చేతిలో ఉన్న అద్దాన్ని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. ఫోన్ పెట్టేసేసరికి చుక్క చెరిగిపోయి ఉంది. మళ్లీ పెట్టాడు. ఏ అద్దం మీద పెడుతున్నాడో చెయ్యి చూసింది గానీ మనసు చూడలేదు.

మర్నాడు ఆవిడ జోడు తీసుకెళ్లింది. సెలవులకి ముందు ఆఖరి రోజు, దుకాణం కిటకిటలాడుతున్న సమయంలో మళ్లీ వచ్చింది.

"బాబూ, ఇవి పెట్టుకుంటే గోడలు ఒంగిపోయి కనిపిస్తున్నాయి. ఒక్క అక్షరమూ కుదురుగా నిలబడటం లేదు" అంది.

"కొత్త జోడు కదమ్మా, అలవాటు పడాలి" అన్నాడాయన తలెత్తకుండానే.

"పొద్దున్నుంచీ పెట్టుకునే ఉన్నా. తల పగిలిపోతోంది."

అద్దం ముందు కూర్చుని బంగారు రంగు ఫ్రేమ్ ముక్కుకి ఆనించి చూసుకుంటున్న ప్లీడరుగారు ఇటు తిరిగారు. ఆయన పాతికేళ్లుగా వస్తున్న మనిషి, ఆ ఊతపదం విని విని విసిగిపోయిన మనిషి. "ఏమయ్యోయ్, నీ జోడు వెనక్కొచ్చినట్టుందే!" అన్నారు. జనమంతా నవ్వారు.

కళ్లజోళ్లాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "జోడు వెనక్కి రాలేదండీ, వయసు ముందుకొచ్చింది" అన్నాడు. జనం ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు తనవైపు తిరిగేసరికి ఆయనకి ఊపొచ్చింది. ఆవిడ మొహంమీది జోడు తీసి చూడనైనా చూడకుండా, "అద్దాల్లో ఏ లోపమూ లేదమ్మా. తప్పు మీ కళ్లది. చూపే పోతుంటే నేనేం చేసేది?" అనేశాడు.

ఆవిడ చేతిసంచీ సర్దుకుంది. "అంతేనంటావా?"

"అంతేనమ్మా."

"సరేలే. చూపిచ్చిన దేవుడే తీసుకుంటున్నాడు" అని, గడప దగ్గరకెళ్లి వస్తానని చెప్పడానికి వెనక్కి తిరిగింది. అప్పుడు చూశాడాయన. లావు అద్దం వెనక కన్ను పెద్దదిగా కనబడుతుంది. ఆవిడ కుడి కన్ను పెద్దదిగా కనబడాలి. కనబడింది ఎడమ కన్ను.

చుక్క పడింది తప్పు అద్దం మీదన్నమాట. 'అమ్మా, ఆగండి' అన్న మాట గొంతు దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే ప్లీడరుగారు, "ఇది నా ముక్కుకి ఎలా ఉందంటావ్?" అన్నారు. "దివ్యంగా ఉందండీ" అన్నాడు కళ్లజోళ్లాయన. ఈ మనిషిని నేనేమనాలి? పిలిచి ఉంటే పోయేదేముంది, కాస్త పరువు. అది కూడా సాయంత్రానికల్లా జనం మర్చిపోయే పరువు. ఆవిడ చేత్తో గోడ తడుముకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడు వీధంతా మూసేశారు. సంచులూ పిల్లలూ పెట్టెలతో జనం ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. కళ్లజోళ్లాయన దుకాణం తలుపు సగం దించి, వెనక గదిలో దీపం వేసుకుని, ఆవిడ జోడు రంగుదే ఫ్రేమ్ ఇంకొకటి తీసి, కొత్త అద్దాలు చేశాడు. ఎర్ర చుక్క పెట్టాడు. పెట్టాక పదిసార్లు సరిచూసుకున్నాడు.

చేస్తున్నంతసేపూ ఒక ఉపాయం ఆలోచించాడు. ఇంటికెళ్లి, "ఆ జోడు ఓసారి ఇలా ఇవ్వండమ్మా, మరలు బిగించి ఇస్తాను" అనాలి. అటు తిరిగి ఇవి చేతిలో పెట్టాలి. ఆవిడకి చూపొస్తుంది, ఇటు తన పేరు పోదు. పామూ చస్తుంది, కర్రా విరగదు. తప్పు దిద్దుకోవడానికి కూడా దొంగదారే వెతికాడు చూడండి.

బేకరీ పైన, చివరి అంతస్తు అని ఆవిడ చెప్పిన గుర్తు. బేకరీ మూసి ఉంది. మెట్ల పొడుగునా ప్రతి తలుపుకీ తాళం వేలాడుతోంది. చివరి అంతస్తులో ఒక్క తలుపు వెనక మాత్రం గిన్నె చప్పుడైంది.

"ఎవరూ?"

"కళ్లజోళ్ల దుకాణం వాణ్ణమ్మా."

"నువ్వేనా! రా అబ్బాయ్, లోపలికి రా" అంది తలుపు తీసి. ఆయన జుట్టు మూడొంతులు తెల్లబడింది. 'అబ్బాయ్' అనిపించుకుని ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

ఒకటే గది. కిటికీ కింద మంచం, దాని పక్కన కుర్చీ, చిన్న బల్ల మీద గుడ్డ పరిచి నల్లటి పాతకాలపు ఫోన్. దానికి తీగ లేదు. ఆయన అటు చూశాడని ఎలా తెలిసిందో గానీ, "అది పని చెయ్యదులే" అందావిడ. "టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. వెళ్లేటప్పుడు అడిగి తెచ్చుకున్నా. మొహాలు మర్చిపోతానేమో గానీ అబ్బాయ్, గొంతులు మర్చిపోను. వినడమే కదా నా ఉద్యోగం."

కళ్లజోళ్లాయన జేబులో చెయ్యి పెట్టి కొత్త జోడు తడుముకున్నాడు. "అమ్మా, ఆ జోడు ఓసారి ఇలా ఇస్తే... మరలు వదులయ్యాయేమో చూస్తాను" అన్నాడు.

"ఎందుకులే. పెట్టెలో పెట్టి బీరువాలో పడేశాను. తప్పు కళ్లదని నువ్వే చెప్పావుగా. నీ చేతి జోడు వెనక్కి రాదని ఊరంతా అంటారు. నువ్వన్నాక ఇంకేముంది? మళ్లీ ఆశ పడటం, మళ్లీ తలనొప్పి. వద్దు." ఆవిడ కుర్చీ తడిమి చూపించింది. "కూర్చో. సెలవుల్లో ఎవరిళ్లలో వాళ్లుంటే, ఒక ముసలిదానికి చూపు పోయిందని వెతుక్కుంటూ వచ్చావు. ప్రతి ఏడూ మా చెల్లెలొచ్చేది, ఈ ఏడు మోకాళ్ల ఆపరేషను. ఈ బిల్డింగులో నేనూ, మెట్ల కింద పిల్లీ తప్ప ఎవరూ లేరు. నీలాంటివాళ్లు ఉండబట్టేనయ్యా!"

ఆ పొగడ్త కంటే చెంపదెబ్బ నయమనిపించింది ఆయనకి. కుర్చీలో కూలబడ్డాడు.

ఆవిడ టీ పెట్టి ఇచ్చింది. గ్లాసు వెతుక్కుంటూ బల్ల మీద వేళ్లు నడిపించింది. గ్లాసు నిండిందో లేదో చూడ్డానికి అంచులో వేలు ముంచింది. ఆ వేలు చూస్తూ ఆయన టీ తాగలేకపోయాడు. తర్వాత ఆవిడ తలగడ కింద నుంచి ఒక ప్రార్థనల పుస్తకం తీసింది. అంచులు చిరిగి, అట్ట ఊడి, దారంతో కట్టిన పుస్తకం. రోజుకో పేజీ.

"నీకు చదవడం వచ్చుగా?" అంది నవ్వుతూ. "నిన్న చదవలేదు. అన్నం మానేశానేమో గానీ ఇది మానలేదు ఎప్పుడూ. ఇవాళ్టి పేజీ ఒక్కటీ చదివి పెట్టు, పుణ్యముంటుంది."

పుణ్యమట! ఆయన పుస్తకం తీసుకుని, దుకాణంలో గోడ మీది అక్షరాల చార్టు చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు. పేజీ సాఫీగానే సాగింది. కింద, గీత గీసి, ప్రతిరోజూ చెప్పుకోవాల్సిన నాలుగు మాటలున్నాయి.

'పొద్దు చూపినందుకు నీకు దండం.

తోడునిచ్చినందుకు నీకు దండం.

నా వల్ల నొచ్చుకున్నవారి ముందు తల వంచే బలం నాకివ్వు.

రేపటిదాకా నా చెయ్యి వదలకు.'

మొదటి రెండూ చదివాడు. మూడో దాని దగ్గర కళ్లు వెళ్లాయి గానీ నోరు వెళ్లలేదు. ఒక్క గుటక వేసి, "రేపటిదాకా నా చెయ్యి వదలకు" అని చదివేసి పుస్తకం మూసేశాడు.

ఆవిడ కనుబొమ్మలు కాస్త ముడిపడ్డాయి. కాసేపు చేతులు జోడించుకుని కూర్చుని, తర్వాత పైకే అంది. "చూపు తీసుకుంటే తీసుకున్నావు గానీ స్వామీ, బదులుగా ఒక గొంతు పంపించావు. నీ బాకీ ఉంచుకోవు."

ఆయన జేబులో జోడు అలాగే ఉంది. దాంతోనే మెట్లు దిగాడు.

రేపిస్తాననుకున్నాడు. రేపు వచ్చింది. ఆ రేపు బత్తాయిలు పట్టుకెళ్లాడు, కారుతున్న కుళాయి బాగుచేశాడు, పేజీ చదివాడు, మూడో వాక్యం మింగాడు. ఆవిడ ఎక్స్ఛేంజి కబుర్లు చెప్పింది. మొగుడూ పెళ్లాలు ఫోన్లో పోట్లాడుకుంటుంటే లైను తెగ్గొట్టి, కోపం చల్లారాక మళ్లీ కలిపేదట. "లైను పాడైందండీ అనేదాన్ని. ఎన్ని కాపురాలు నిలబెట్టానో ఆ అబద్ధంతో!" అంది. కళ్లజోళ్లాయన పగలబడి నవ్వాడు. నవ్వాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. భార్య పోయాక ఆ చప్పుడు ఆయన నోట రాలేదు.

అక్కణ్నుంచి ఆయనకి పగలంతా ఆ మెట్ల మీదే ధ్యాస. పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. దారిలో చెప్పడానికి కబుర్లు పోగుచేసుకునేవాడు. భార్య సంగతి, ఆమె ఆఖరి రోజులు, ఆసుపత్రిలో తను చేసుకున్న మొక్కులు ఒక్కటీ ఫలించకపోవడం, ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాడు. పెద్దావిడ ఓదార్చలేదు, నీతులు చెప్పలేదు. "అలిగావన్నమాట ఆయన మీద" అంది. "అలగడం మంచిదే. లేడనుకున్నవాడి మీద ఎవరూ అలగరు." ఇంటికి పోతూ ఆ మాటే నెమరేసుకున్నాడు. వీధి మలుపులో, ఎవరూ లేరని చూసుకుని, ఎదురింటివాణ్ణి చాలాకాలం తర్వాత పలకరించినట్టు, తల కొంచెం పైకెత్తాడు. వెంటనే దించేసుకున్నాడు. ఏ మొహంతో పలకరిస్తాడు?

ఎందుకంటే జోడు ఇంకా జేబులోనే ఉంది. మొదట్లో పేరు పోతుందని ఇవ్వలేదు. ఇప్పుడా భయం ఎప్పుడో పోయింది, ఇంకోటి పట్టుకుంది. ఇవాళ ఇచ్చేస్తే రేపట్నుంచి పుస్తకం ఆవిడే చదువుకుంటుంది. బత్తాయి ఆవిడే ఒలుచుకుంటుంది. ఇక తనతో పనేముంది? తన సంగతి తెలిశాక గుమ్మం తొక్కనిస్తుందా? ఈ ఆలోచన మెట్ల మధ్యలో వచ్చిందాయనకి. రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. ఒక మనిషి చూపుని జేబులో వేసుకుని, ఆ మనిషికే చదివి పెడుతూ, దీవెనలు పుచ్చుకుంటున్నాడు. భార్య బతికుంటే 'ఛీ, ఇదేం బుద్ధండీ' అనేది. అనడానికి కూడా ఎవరూ లేకపోవడం వల్లే మనిషి ఇలా తయారవుతాడేమో అనుకుని, మళ్లీ తన తప్పుని ఒంటరితనం మీదకి తోసేస్తున్నానని గ్రహించి, ఇంకా సిగ్గుపడ్డాడు. అంత సిగ్గుపడీ ఆ రోజూ ఇవ్వలేదు.

సెలవులు అయిపోవచ్చాయి. ఒక మధ్యాహ్నం ఆయన వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. ఆవిడ కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. పొయ్యి మీద గిన్నె పక్కకి ఒరిగి, నీళ్లు నేలంతా పారి, ఇంకా పొగలు కక్కుతున్నాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా కమిలిపోయింది.

"ఏమైందమ్మా!"

"ఏం కాలేదు. నువ్వొచ్చే వేళయిందని టీ పెట్టబోయా. గిన్నె పిడి ఇటుందనుకున్నా, అటుంది." నొప్పికి పెదవి కొరుక్కుంటూనే నవ్వబోయింది. "గిన్నె తప్పేం లేదులే. తప్పు నా కళ్లది."

తన మాట. 'మీ' పోయి 'నా' వచ్చింది, అంతే, తన మాటే. తను అన్నప్పుడు జనం నవ్వారు. ఇప్పుడు నవ్వడానికి అక్కడెవరూ లేరు.

ఆయన మందు తెచ్చి రాశాడు, గుడ్డ చుట్టాడు, నేల తుడిచాడు. ఆవిణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. జేబులోంచి జోడు తీశాడు. ఇన్నాళ్లు మోసి మోసి అద్దాల మీద వేలిముద్రలు పడ్డాయి. చొక్కా అంచుతో తుడిచి, తన చేతుల్తో ఆవిడ చెవులకి తగిలించాడు.

ఆవిడ రెప్పలు కొట్టింది. గుడ్డ కట్టిన చెయ్యి చూసుకుంది. గోడ మీది గడియారం చూసింది. కిటికీ బయట ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు చూసింది. "కనిపిస్తున్నాయి" అంది మెల్లగా. "అబ్బాయ్, నాకు కనిపిస్తున్నాయి! ఏం చేశావు?" అంటూ ఆయన మొహంలోకి చూసింది. చూసి ఆగిపోయింది. ఆ మొహం శుభవార్త తెచ్చిన మొహంలా లేదు.

"నేను చెయ్యాల్సింది మొదటే చెయ్యలేదమ్మా" అన్నాడాయన. అంతా చెప్పాడు. ఫోన్ సంగతి, ఎర్ర చుక్క సంగతి, గడప దగ్గర ఆవిడ వెనక్కి తిరిగినప్పుడే తనకి తెలిసిపోయిన సంగతి. "మర్నాడు మొదటిసారి వచ్చినప్పుడే ఇది నా జేబులో ఉంది. రోజూ ఉంది. ముందు నా పేరు పోతుందని ఇవ్వలేదు. తర్వాత... ఇచ్చేస్తే మీకు నాతో అవసరం ఉండదని ఇవ్వలేదు. మీ కళ్లకి ఏమీ కాలేదు. తప్పు నాది."

ఆవిడ జోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది.

"నేను కళ్లకి నీళ్లొదులుకున్నాను" అంది చివరికి. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆ సాయంత్రమే బేకరీవాళ్ల చేత చెల్లెలికి ఫోన్ చేయించి చెప్పాను, ఇంక నాకు చూపు రాదే అని. అది అక్కడ ఒకటే ఏడుపు. రాత్రుళ్లు ఈ గదిని చేత్తో కొలుచుకున్నాను, ముందు ముందు పనికొస్తుందని. అంతమంది ముందు నా కళ్లని తిట్టావు, పడ్డాను. రోజూ వచ్చి నాతో టీ తాగావు!"

ఆయన తల ఎత్తలేదు.

"ఆ మూడో మాట" అందావిడ. "రోజూ మింగేస్తున్నావే, ఆ మాట. ఈ పుస్తకం నాకు చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. అయినా నిన్ను చదవమన్నది ఎందుకో తెలుసా? గదిలో ఇంకో గొంతు ఉంటుందని. మొదటిరోజే విన్నాను, అక్కడికొచ్చేసరికి గుటక మింగావు. మర్నాడూ అంతే. పాపం, ఈ అబ్బాయి ఎవరికో ఏదో అన్యాయం చేసి కుమిలిపోతున్నాడు, పైకి చెప్పుకోలేకపోతున్నాడు అనుకున్నా. నువ్వెళ్లాక రోజూ దండం పెట్టుకున్నాను. నీ కోసం కాదు. ఇతని చేతిలో నష్టపోయిన ఆ మనిషెవరో, ఎక్కడున్నారో, వాళ్లని చల్లగా చూడు స్వామీ అని." ఆవిడ జోడు సర్దుకుని ఆయన్ని చూసింది. "తీరా చూస్తే ఆ మనిషిని నేనే!"

అనేసి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. కళ్లజోళ్లాయన ఆవిడ మంచం పట్టెకి నుదురు ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. భార్య పోయిన రోజున జనం చూస్తున్నారని ఆపుకున్న ఏడుపు కూడా అందులో కలిసి వచ్చేసింది.

తర్వాత లేచి, మొహం తుడుచుకుని, చెప్పుల దగ్గరకి వెళ్లాడు.

"ఎక్కడికి?" అంది.

"వెళ్తానమ్మా."

"ఇవాళ్టి పేజీ ఎవరు చదువుతారు?"

"మీకిప్పుడు కనిపిస్తోంది కదా."

"కనిపిస్తోంది. అందుకే నువ్వు చదువు. నేను వేలు పెట్టి చూస్తుంటాను, ఒక్క మాట మింగినా పట్టుకుంటాను" అంది. ఆయన మొహం విప్పారబోతుంటే, "క్షమించానని అనుకోకు. ఇంకా లేదు. దుకాణం తెరిచిన రోజు వస్తాను. పదిమందిలో అన్న మాటకి పదిమందిలోనే బదులు కావాలి నాకు" అని తేల్చేసింది.

ఆయన వెనక్కొచ్చి కూర్చున్నాడు. చదివాడు. మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. ఆవిడ వేలు ఆ వాక్యం కింద నిలబడి ఉంది, కదల్లేదు. 'నా వల్ల నొచ్చుకున్నవారి ముందు తల వంచే బలం నాకివ్వు' అని చదివాడు. చార్టు చదివినట్టు కాదు, అడిగినట్టే చదివాడు. ఎవర్ని అడిగాడో ఆయనకీ తెలుసు.

సెలవులయ్యాక దుకాణం తెరిచిన రోజున జనం బాగానే ఉన్నారు. ప్లీడరుగారు కొత్త ఫ్రేమ్ చెవి దగ్గర నొక్కుతోందని వచ్చి కూర్చున్నారు. ఆవిడ గోడ తడమకుండా, నిటారుగా మెట్లెక్కి వచ్చి, మధ్యలో ఉన్న స్టూలు మీద చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన వైపు చూసింది, అంతే.

కళ్లజోళ్లాయన చేతిలో పని బల్ల మీద పెట్టేశాడు. నాలుక తడుపుకున్నాడు. "నా చేతి జోడు ఒకటి వెనక్కొచ్చింది" అన్నాడు నేల చూపులు చూస్తూ. "తప్పు అద్దాలది. కళ్లది కాదు. నేనే అబద్ధమాడాను."

ప్లీడరుగారు ఫ్రేమ్ తీసి చేతిలో పట్టుకున్నారు. ఆవిడ మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఎక్స్ఛేంజిలో అన్నేళ్లూ అలవాటైన గొంతుతో అంది.

"లైను సరిగ్గా లేదండీ. కాస్త గట్టిగా చెప్పండి."

ఆయన తలెత్తి, ఈసారి వీధిలోకి వినిపించేలా, ఆవిడ కళ్లలోకి చూస్తూ చెప్పాడు. కుడి కన్ను పెద్దదిగా, ఎడమ కన్ను చిన్నదిగా, రెండూ తడిగా కనిపించాయి.

ఆవిడ లేచి సంచీ చేతికి తగిలించుకుంది. "సాయంత్రం త్వరగా రా" అంది గడప దగ్గర వెనక్కి తిరిగి. "టీ నువ్వే పెట్టాలి, నా చెయ్యింకా మండుతోంది."